90 వేల ప్రొడక్షన్ డిజైన్ కోర్సు: చేరాలా వద్దా అని అడిగేవాళ్ళకి

నెలకి ఇద్దరైనా అడుగుతున్నారు, "నువ్వు చేసిన ఆ సెట్ డిజైన్ కోర్సు ఎలా ఉంది, మా చెల్లిని చేర్పిద్దామనుకుంటున్నాం" అని. ప్రతిసారీ ఫోన్లో అరగంట చెప్పలేక ఇక్కడ ఒకేసారి రాసేస్తున్నా. ఇన్‌స్టిట్యూట్ పేరు మాత్రం రాయను. కారణం ఏమీ లేదు, అక్కడ ఆఫీసులో కూర్చునే అమ్మాయి మంచిది, నా పోస్టు వల్ల ఆమెకి చీవాట్లు పడటం ఇష్టం లేదు. పైగా ఇలాంటి కోర్సులు ఇప్పుడు హైదరాబాద్‌లో చాలా ఉన్నాయి, నేను చెప్పేది దేనికైనా పనికొస్తుంది.

ముందు లెక్కలు. 16 వారాలు, శని ఆదివారాలు మాత్రమే, మాదాపూర్ వైపు అద్దాల బిల్డింగ్‌లో మూడో ఫ్లోర్. ఫీజు 90 వేలు, రెండు వాయిదాల్లో. మోడల్ చేయడానికి ఫోమ్ బోర్డు, కట్టర్, రంగులు మనమే కొనుక్కోవాలని చేరాక చెప్పారు, దానికి ఇంకో 11 వేలు అయింది. నేను గుంటూరు అమ్మాయిని, బీఆర్క్ చేసి రెండేళ్ళు ఒక ఆర్కిటెక్ట్ ఆఫీసులో బాత్రూం టైల్స్ డ్రాయింగులు గీసి గీసి విసుగొచ్చి ఇటు వచ్చాను. ఇప్పుడు ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంట్‌ని. ఒక సీరియల్, ఒక వెబ్ సిరీస్ అయ్యాయి, ఇప్పుడు సినిమా నడుస్తోంది. కాబట్టి కోర్సులో ఏం చెప్పారో, బయట ఏం పనికొచ్చిందో రెండూ చూసి మాట్లాడుతున్నా.

నా రేటింగ్ 5కి 3. ఆ మూడులో రెండు ఒకే ఒక్క మనిషివి, ఆయన సంగతి కిందికి వెళ్ళాక చెప్తా.

మొదటి రెండు వారాలు చరిత్ర. ప్రొడక్షన్ డిజైనర్ అనే పేరు ఎక్కడి నుంచి వచ్చింది, ఆర్ట్ డైరెక్టర్‌కీ వీళ్ళకీ తేడా ఏంటి, ఇవన్నీ. 1939లో 'గాన్ విత్ ద విండ్' సినిమాకి నిర్మాత సెల్జ్‌నిక్ విలియం కామెరాన్ మెంజీస్ అనే ఆయనకి ఈ హోదా ఇచ్చాడు, ఎందుకంటే ఆయన సెట్లు ఒక్కటే కాదు, సినిమా మొత్తం ఏ రంగులో ఏ ఫ్రేములో ఎలా కనపడాలో బొమ్మలు గీసి పెట్టేశాడు. ఆస్కార్ వాళ్ళు కూడా 'ఆర్ట్ డైరెక్షన్' అన్న విభాగం పేరు 2012లోనే 'ప్రొడక్షన్ డిజైన్' అని మార్చారు. తేడా ఒక్క ముక్కలో చెప్పాలంటే సినిమా ప్రపంచం మొత్తం ఎలా ఉండాలో తేల్చేది ప్రొడక్షన్ డిజైనర్, దాన్ని మనుషులతో డబ్బుతో టైముకి కట్టించేది ఆర్ట్ డైరెక్టర్. మన దగ్గర చాలాకాలం రెండూ ఒకరే. పాత సినిమాల టైటిల్స్‌లో 'కళ' అని ఒక కార్డు పడేది, అంతే.

ఇంతవరకూ బాగానే చెప్పారు. కానీ రెండు వారాలు చూపించిన స్లైడ్లలో తెలుగు సినిమా ఒక్కటే, అదీ రెండు నిమిషాలు. అడిగితే "మన దగ్గర డాక్యుమెంటేషన్ లేదు మేడమ్" అన్నారు. నాకు మండింది. 'మాయాబజార్' (1957) లో ద్వారక ఊరు కనపడుతుంది కదా, అది వాహినీ స్టూడియోలో 50 అడుగులకి 60 అడుగుల జాగాలో 300 దాకా బొమ్మ ఇళ్ళు పెట్టి చూపించిన ఊరు, ఆర్ట్ డైరెక్టర్లు గోఖలే, కళాధర్. మనకి తమిళం నుంచి డబ్ అయి వచ్చిన 'నాయకుడు' (1987) కోసం తోట తరణి గారు బొంబాయి ధారావిని మద్రాసు వీనస్ స్టూడియోలో కట్టారు, నేషనల్ అవార్డు వచ్చింది. 'ఒక్కడు' (2003) కి అశోక్ కుమార్ గారు, అసలు చార్మినార్ ఊళ్ళోనే ఉండగా, ఇంకో చార్మినార్ సెట్ వేశారు! 'రంగస్థలం' (2018) లో ఎనభైల నాటి గోదావరి పల్లె చాలా భాగం రామకృష్ణ, మోనిక గార్లు హైదరాబాద్‌లో వేసిన సెట్. ఇవి చెప్పడానికి ఏ లైబ్రరీ కావాలి? ఒక్కో సెట్టు ఎందుకు వేయాల్సి వచ్చింది, అసలు చోట ఎందుకు తీయలేదు అని ఒక గంట మాట్లాడుకున్నా సగం సబ్జెక్టు వచ్చేస్తుంది. రాత్రిళ్ళు, వందలమంది జనంతో, ఫైట్లతో చార్మినార్ దగ్గర రోజుల తరబడి షూటింగ్ చేయడం అయ్యే పనా? సెట్టు వేసేది అందం కోసం ఒక్కటే కాదు, మన చేతిలో ఉంటుందని.

మూడో వారం నుంచి ఆరో వారం దాకా సాఫ్ట్‌వేర్. త్రీడీ మోడల్ చేయడం, రెండర్ తీయడం (సెట్టు నిజంగా కట్టినట్టు కనపడే కంప్యూటర్ బొమ్మ), మూడ్ బోర్డు (సెట్టు ఏ రంగుల్లో ఎలా ఉండాలో చెప్పే ఫోటోల అట్ట) అతికించడం. బీఆర్క్ వాళ్ళకి ఇది దండగ, నేను చివరి బెంచీలో కూర్చుని పక్క కుర్రాడి లాప్‌టాప్ హ్యాంగ్ అయినప్పుడల్లా రీస్టార్ట్ చేసి పెట్టాను. బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) వాళ్ళకి, డిగ్రీ చేసి సరాసరి వచ్చినవాళ్ళకి మాత్రం స్కేల్‌కి ప్లాన్ గీయడం రావాలి కాబట్టి అది నేర్పిన రెండు క్లాసులూ అవసరమే. ఒక మాట చెప్తా వినండి, నేను చేసిన మొదటి సెట్‌కి మూడు రాత్రులు కూర్చుని అద్దంలాంటి రెండర్ తీసుకెళ్ళాను. కార్పెంటర్ మేస్త్రి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుందమ్మా, ఎన్ని షీట్లు పడతాయి?" అన్నారు. ప్లైవుడ్ షీటు 8 అడుగులకి 4 అడుగులు ఉంటుంది, మన గోడ 10 అడుగుల ఎత్తు గీస్తే పైన 2 అడుగుల ముక్క కోసం ఇంకో షీటు కోయాలి, అతుకు కనపడకుండా పట్టీ కొట్టాలి. కథకి 10 అడుగులు అవసరం లేకపోతే 8 దగ్గరే ఆపేస్తే ఎంత డబ్బు మిగులుతుందో లెక్కేసుకోండి. ఇది ఏ వారంలోనూ చెప్పలేదు.

ఏడో వారం అద్భుతం. ఒక అసోసియేట్ ఆర్ట్ డైరెక్టర్ వచ్చి బోర్డు మీద మూడు ముక్కలు రాశారు: "రాత్రి. వాన. అతను వరండాలో కూర్చుని ఉత్తరం చదివి చింపేస్తాడు." అని రాసి, దీనికి ఏమేం కావాలో చెప్పండి అన్నారు. మేము కుర్చీ, ఉత్తరం, లాంతరు అన్నాం. ఆయన నవ్వి మొదలుపెట్టారు. చింపేస్తాడు అన్నారు కదా, ఎన్ని టేకులు? పది టేకులైతే పది ఉత్తరాలు, పదింటి మీదా ఒకే చేతిరాత, ఒకే మడత, ఒకే చోట సిరా మరక. వరండా పైన పెంకులా, రేకులా? రేకులైతే వాన చప్పుడు వేరు, సౌండ్ వాళ్ళు మీ మీద పడతారు. వాన నీళ్ళు ఎటు పోతాయి, సెట్ లోపలికి వస్తే ప్లైవుడ్ ఉబ్బుతుంది, కాలవ ఎక్కడ తీస్తారు? ముందు రోజు తీసిన సీన్లో నేల పొడిగా ఉంది, ఈ సీన్లో తడి, రేపు మళ్ళీ పొడి సీన్ ఉందా? కథ ఏ సంవత్సరం?

సంవత్సరం 1968 అని ఆయనే చెప్పి, కవరు తయారు చేసుకుని రమ్మన్నారు. మా గ్రూపు కవరు ఎంత బాగా చేశామంటే, టీ డికాషన్‌లో ముంచి ఆరబెట్టి, పాత స్టాంపు ప్రింట్ తీసి, గుండ్రటి ముద్ర కూడా వేశాం. ఆయన ఒక్కసారి చూసి పక్కన పడేశారు. అడ్రసు కింద పిన్ కోడ్ రాశాం. పిన్ కోడ్ వచ్చిందే 1972లో! క్లాసంతా నవ్వింది, నాకు మాత్రం నవ్వు రాలేదు, అడ్రసు రాసింది నేనే.

అంత గట్టిగా తగిలినా మళ్ళీ అదే తప్పు చేశానంటే నమ్మండి. వెబ్ సిరీస్‌లో 2012లో జరిగే సీన్, హీరో తమ్ముడి బైకు. నంబర్ ప్లేటు నేను రాయించాను, టీఎస్ 09 అని. తెలంగాణ వచ్చిందే 2014లో, అప్పటిదాకా ఏపీ ప్లేట్లే కదా. రోజూ చూసే ప్లేటు కాబట్టి చెయ్యి అలవాటుగా రాసేసింది. రెండు షాట్లు అయిపోయాక కెమెరా ఫోకస్ చూసుకునే ఫోకస్ పుల్లర్ కుర్రాడు నెమ్మదిగా నా పక్కకి వచ్చి "అక్కా, ప్లేటు" అన్నాడు. ఆ క్షణంలో నా ప్రాణం ఎక్కడికి పోయిందో నాకే తెలుసు. స్టిక్కర్ కట్ చేసి అతికించేదాకా ఇరవై నిమిషాలు యూనిట్ మొత్తం నా వైపే చూసింది. ఇప్పుడు మళ్ళీ 2024 నుంచి టీజీ అయింది, ఇంకో పదేళ్ళకి ఇంకెవరో నాలాగే తప్పు చేస్తారు.

ఇక అసలు మనిషి. తొమ్మిదో వారం, పదో వారం ఆదివారాలు 'మెటీరియల్స్ వర్క్‌షాప్' అని ఉంది టైం టేబుల్లో. బ్రోచర్లో ఆయన పేరు లేదు, ఫోటో లేదు. అరవై దాటిన మోల్డింగ్ మేస్త్రి గారు, చిన్నప్పుడు మద్రాసులో పనిలో చేరి, పరిశ్రమ ఇటు వచ్చాక దానితోపాటు హైదరాబాద్ వచ్చేశారు. అందరం సార్ అంటే ఆయనకి ఇబ్బందిగా ఉండి "బాబాయ్ అనండమ్మా" అన్నారు. ఆ అద్దాల బిల్డింగ్‌లో దుమ్ము పడుతుందని ఏసీ క్లాసులోకి రానివ్వలేదు, పార్కింగ్‌లో పని చేయించారు. అదే మంచిదైంది.

ఆయన తెచ్చింది థర్మాకోల్ దిమ్మ, వేడి తీగ, గోనెపట్టా ముక్కలు, పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) బస్తా, ఫెవికాల్ డబ్బా, రంపపు పొట్టు, నాలుగు రంగు పొడులు. "గుడి గోడ చేద్దాం" అన్నారు. థర్మాకోల్ మీద రాళ్ళ అతుకులు గీయమంటే నేను ఆర్కిటెక్ట్‌ని కదా, స్కేలు పెట్టి చక్కగా వరసలు గీశాను. ఆయన చూసి, "ఇది బాత్రూం గోడ తల్లీ" అన్నారు. రెండేళ్ళు నేను చేసిన ఉద్యోగం ఆయనకి ఎలా తెలిసిందో మరి! తర్వాత ఆయనే మేకుతో గీశారు, ఒక రాయి పెద్దది, పక్కది చిన్నది, ఒక మూల విరిగింది. వేడి తీగతో అంచులు కొంచెం కొంచెం కరిగించారు. పీఓపీలో కాస్త ఫెవికాల్, రంపపు పొట్టు కలిపి చేత్తో పూశారు, బ్రష్ ముట్టలేదు. అది పచ్చిగా ఉండగానే గోనెపట్టా అద్ది తీసేశారు, రాయి మీద ఉండే గరుకు వచ్చేసింది. ఆరాక ముందు నల్లటి రంగు మొత్తం కొట్టి, తడి గుడ్డతో తుడిచేస్తే నలుపు సందుల్లో ఉండిపోయి పైన బూడిద రంగు తేలింది.

ఇక్కడిదాకా చూసి మేము ఫోటోలు తీసుకుంటుంటే ఆయన అడిగారు, "ఈ గుడికి వాన ఏ వైపు నుంచి కొడుతుంది?"

ఎవరి దగ్గరా జవాబు లేదు. "వాన కొట్టే వైపు నాచు పట్టాలి, నేల మీద పడి చిందిన నీళ్ళు అడుగున్నర ఎత్తు దాకా మరక కట్టాలి. గుమ్మం పక్కన జనం చెయ్యి వేసే ఎత్తులో నునుపు రావాలి, జిడ్డు మెరవాలి. దీపం పెట్టే గూటి పైన మసి పట్టాలి. గోడంతా ఒకేలా మురికి చేస్తే అది పాతది కాదు, మురికిది" అన్నారు. అని చెప్తూనే ఆకుపచ్చ పొడి నీళ్ళలో కలిపి కింద నుంచి పైకి చిలకరించి, కొంచెం వంటనూనె అరచేతికి రాసుకుని గుమ్మం పక్కన రుద్దారు. నా ఎదురుగా ఉన్నది థర్మాకోల్ అని తెలిసి కూడా దగ్గరికెళ్ళి వాసన చూశాను, గుడి వాసన వస్తుందేమో అని. ఫెవికాల్ వాసన వచ్చింది.

ఇంకోటి అడిగారు, "కెమెరా ఎక్కడ పెడతారు?" అని. అది తెలియకుండా పని మొదలుపెట్టకూడదట. 24 ఎంఎం లెన్స్ వేస్తే గది మొత్తం కనపడుతుంది, పైకప్పు కూడా కట్టాలి. 85 వేస్తే మొహం వెనక రెండడుగుల గోడ మసకగా కనపడుతుంది, అక్కడ నువ్వు చెక్కిన శిల్పం నీకూ దేవుడికీ తప్ప ఎవరికీ తెలియదు. గది చిన్నదైతే కెమెరా వెనక్కి పోవడానికి ఒక గోడ ఊడదీసేలా కట్టుకోవాలి, సెట్టు మీద దాన్ని వైల్డ్ వాల్ అంటారు. నాలుగు వారాల సాఫ్ట్‌వేర్‌లో ఈ ప్రశ్న ఒక్కసారి రాలేదు.

రెండే ఆదివారాలు. ఇంకో నాలుగు పెట్టమని మేమంతా కలిసి లెటర్ రాసి ఇచ్చాం. "కరికులం ఫిక్స్ అయిపోయింది" అన్నారు. ఆయనకి రోజుకి ఎంత ఇచ్చారో నాకు తెలుసు, అడిగితే ఆయనే చెప్పారు. మా ఒక్కరి ఫీజుని 32 రోజులకి పంచితే ఒక రోజుకి వచ్చేదాని కంటే తక్కువ. ఆ క్లాసులో మేము 22 మందిమి.

పదకొండో వారం 'ఇండస్ట్రీ విజిట్' అని బ్రోచర్లో లావు అక్షరాలతో ఉంది. తీరా చూస్తే రామోజీ ఫిల్మ్ సిటీకి మామూలు టూరిస్టు టికెట్లు కొని బస్సెక్కించారు. ఫిల్మ్ సిటీ చూడదగ్గదే, అందులో తప్పేం లేదు. 1996లో మొదలైన చోటు, దాదాపు 2,000 ఎకరాలు, ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియో అని గిన్నిస్ వాళ్ళే రాసుకున్నారు, సాబు సిరిల్ గారి 'బాహుబలి' సెట్టు ఇంకా ఉంది. మాహిష్మతి స్తంభాన్ని వేలితో కొడితే బోలుగా మోగింది, నాకు ఆ చప్పుడు చాలా నచ్చింది. కానీ ఇది మా అమ్మానాన్నలతో కూడా వెళ్ళగలను కదా. మాకు చూపించాల్సింది సెట్ వెనక వైపు, సరుగుడు కర్రలు ఎలా ఆనించి నిలబెట్టారు, ఎక్కడ మేకు కొట్టారు, గాలికి పడకుండా ఎక్కడ ఇసుక మూటలు వేశారు అన్నవి. టూరిస్టుకి అటు దారి ఉండదు, ఉండకూడదు కూడా.

మేస్త్రి బాబాయ్ చెబితే మేము నలుగురం సొంతంగా వెళ్ళింది ఇంకో చోటికి, పబ్లిక్ గార్డెన్స్‌లో సురభి వాళ్ళ నాటకానికి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలుపెట్టిన నాటక కుటుంబం, ఇప్పటికీ ఆడుతున్నారు. కర్రకి చుట్టిన తెర జారితే అడవి, ఇంకోటి జారితే అంతఃపురం, రెండు సెకన్లు కూడా పట్టదు. తీగ మీద మనిషి గాల్లో వస్తుంటే పక్కన కూర్చున్న పిల్లాడు లేచి నిలబడ్డాడు, తీగ కనపడుతున్నా సరే. డిజైన్ నేర్చుకునేవాళ్ళు కోర్సు చేసినా చేయకపోయినా ఇది ఒకసారి చూడండి, అవకాశం ఉంటే ఆట అయ్యాక తెర వెనక్కి వెళ్ళి అడగండి.

చివరి వారాలు పోర్ట్‌ఫోలియో. అందరివీ ఒకే టెంప్లేట్‌లో చేయించారు కాబట్టి 22 మందివీ ఒక్కరే చేసినట్టు ఉన్నాయి. నాకు సీరియల్‌లో పని ఇచ్చినాయన నా ఫైల్ తెరవలేదు, నోట్‌బుక్‌లో చేత్తో గీసిన బొమ్మలు చూసి "రేపు పొద్దున ఐదుకి వచ్చేయ్" అన్నారు. 'ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్' అంటే ఒక వాట్సాప్ గ్రూపు, అందులో ఎక్కడెక్కడి పోస్టర్లో ఫార్వర్డ్ చేస్తారు. ఈమధ్య పండగ శుభాకాంక్షలు మాత్రమే వస్తున్నాయి.

చెప్పనిది డబ్బు సంగతి. సెట్ బడ్జెట్ ఎలా వేయాలి, పెట్టీ క్యాష్ బిల్లులు ఎలా రాయాలి, కార్పెంటర్ల బత్తా (రోజు ఖర్చుల డబ్బు) ఎప్పుడు ఇవ్వాలి, షూటింగ్ అయ్యాక విప్పిన సరుకులో ఏది దాచాలి ఏది అమ్మాలి, యూనియన్ కార్డు ఎందుకు, దానికి ఎవరిని కలవాలి, ఏమీ చెప్పలేదు. నా మొదటి జీతం నెలకి 18 వేలు, మూడో నెలది ఐదో నెలలో వచ్చింది. ఆరింటికి ఫస్ట్ షాట్ అంటే మా సెట్టు నాలుగింటికి రెడీ కావాలి, అంటే రాత్రంతా రంగు ఆరబెడుతూ ఫ్యాన్ల ముందు కూర్చోవడమే. మా అమ్మ ఇప్పటికీ ఫోన్లో "ఆర్కిటెక్ట్ చదివి పెళ్ళి మండపాలు కట్టుకుంటావా" అంటుంది. సినిమా పని లేని నెలల్లో నిజంగానే పెళ్ళి మండపాలు కట్టాను అని ఆమెకి చెప్పలేదు, ఈ పోస్టు ఎవరూ మా అమ్మకి పంపకండి. అది సినిమా కంటే వెంటనే డబ్బులొచ్చే పని.

ఇక ఎవరు చేరొచ్చు? బొమ్మ గీయడం వచ్చి, సినిమా వాళ్ళెవరూ తెలియకపోతే, అడుగు పెట్టడానికి ఒక గుమ్మంలా పనికొస్తుంది. నాకు సీరియల్ పని ఆ అసోసియేట్ గారి నంబర్ వల్లే దొరికింది, అది కోర్సు పుణ్యమే, కాదనను. బీఆర్క్ వాళ్ళు మాత్రం ఆ 90 వేలు ఇంట్లో పెట్టుకుని, నాలుగు నెలలు ఎవరి దగ్గరైనా జీతం లేకుండా చేరినా ఇంతకంటే ఎక్కువ నేర్చుకుంటారు. ఇంకా చిన్నవాళ్ళయితే, ఇంటర్ చదివే పిల్లలైతే, హైదరాబాద్‌లోని ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో బీఎఫ్ఏ చేసి, తర్వాత పుణెలో ఉన్న ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఎఫ్‌టీఐఐ ఎంట్రన్స్ రాయండి, అక్కడ ఆర్ట్ డైరెక్షన్ అండ్ ప్రొడక్షన్ డిజైన్ అని మూడేళ్ళ కోర్సు ఉంది. సీటు రావడం కష్టమే. ప్రయత్నిస్తే పోయేదేం లేదు.

చేరాలని డిసైడ్ అయిపోయినవాళ్ళు డబ్బు కట్టేముందు ఆఫీసులో రెండు అడగండి. ఫీజులో మోడల్ సామాన్లు ఉన్నాయా, మోల్డింగ్ బాబాయ్ ఏయే ఆదివారాలు వస్తున్నారు. ఆయన రావట్లేదంటే లేచి వచ్చేయండి. వస్తున్నారంటే ఆ రెండు రోజులూ ఎంత జ్వరమొచ్చినా మానకండి, పాత బట్టలు వేసుకెళ్ళండి, పీఓపీ ఎండాక నల్ల జీన్స్ మీద నుంచి పోదు, నాది ఇంకా అలాగే ఉంది. ఆయన టీలో పంచదార వేసుకోరు, పార్కింగ్ పక్క బండివాడికి ముందే చెప్పండి.